పగ్గాలు చేతికి రాకముందే



సాంకేతిక విద్య చదువుకుని, పనిలో మంచి పేరు తెచ్చుకున్న మన పిల్లలు పెద్ద కంపెనీల్లో పై పదవులు అందుకోవాలంటే ఏ తర్ఫీదు కావాలి? అది ఎప్పుడు మొదలుకావాలి? దానికి ఎవరు పూనుకోవాలి? ఈ పూట మీతో మాట్లాడదలచింది ఈ మూడు ప్రశ్నల గురించే. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని ఆలోచించదగ్గ విషయమే ఇది. అయితే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో నిలబడి చూస్తే దీని మొదలూ చివరా రెండూ ఒక్కచోటే కనిపిస్తాయి.

ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, జనం నోట బీఎన్నార్, ఇక్కడ జంక్షను కట్టింది, వర్క్‌షాపు పెట్టింది, పనివాళ్ల కోసం వరసలు వరసలుగా క్వార్టర్లు వేసింది. ఆ రైల్వే లైనే కటకం, బరంపురం దాటి వాల్తేరు దాకా వచ్చింది. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి మనవాళ్లు పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరారు. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గార్డులుగా, గుమాస్తాలుగా కుదురుకున్నారు. నింపురాలో, మథురాకాటిలో తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అందుకు ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువాళ్లే.

ఇదే ఊళ్లో ఐఐటీ కూడా ఉంది. దేశంలో మొట్టమొదటి ఐఐటీ అది. 1951లో హిజ్లీలోని పాత నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. 1931 సెప్టెంబరు 16న బ్రిటిషు పోలీసులు ఇద్దరు రాజకీయ ఖైదీలను కాల్చి చంపిన చోటు అది. అలాంటి చోట చదువుల గుడి కట్టుకోవడంలోనే ఈ దేశం తన ఇంజినీర్ల మీద ఎంత ఆశ పెట్టుకుందో తెలుస్తుంది.

ఆ ఐఐటీలో లోహశాస్త్ర విభాగం ఒకటి ఉంది. అక్కడ చదివి 1975లో పట్టా పుచ్చుకున్న అరుణ్ సరీన్ 2003 నుంచి 2008 దాకా వొడాఫోన్ అనే ప్రపంచస్థాయి ఫోన్ల కంపెనీని నడిపారు. 1993లో అదే విభాగం నుంచి బయటికొచ్చిన సుందర్ పిచాయ్ 2015లో గూగుల్‌కు సీఈఓ అయ్యారు. ఇద్దరూ చదువుకున్నది లోహాల గురించి. ఒకరు నడిపింది టెలిఫోన్ల వ్యాపారం, మరొకరికి దక్కింది ఇంటర్నెట్ వ్యాపారం. అంటే వాళ్లను ఆ కుర్చీల దాకా తీసుకెళ్లింది తరగతిలో నేర్చుకున్న పాఠం ఒక్కటే కాదు. పట్టాకూ ఆ పదవికీ మధ్య ఇరవై ముప్ఫై ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో ఏం జరిగిందన్నదే మనం పట్టించుకోవలసిన సంగతి.

ముందుగా మామూలుగా జరిగేదేమిటో చూద్దాం. వర్క్‌షాపులో చేయి తిరిగిన ఫిట్టరుంటాడు. అతని పని చూసి పైవాళ్లు మిస్త్రీని చేస్తారు, తర్వాత సూపర్‌వైజరును చేస్తారు. నిన్నటిదాకా అతని బాధ్యత తన చేతిలోని పని. ఈ రోజు నుంచి ఇరవై మంది చేతుల్లోని పని. ఎవరైనా ఒక బోల్టు సరిగ్గా బిగించకపోతే, స్పానర్ లాక్కుని తనే బిగించేయాలనిపిస్తుంది. అలా బిగించేస్తే ఆ పూటకు పని అయిపోతుంది. కానీ బిగించడం రానివాడు రానివాడిగానే మిగిలిపోతాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. ప్రోగ్రాములు బాగా రాసే అమ్మాయికి టీం లీడ్ అని పేరు పెడతారు. ఆమె కింద ఎనిమిది మంది చేరతారు. గడువు దగ్గరపడేసరికి పగలంతా మీటింగులు, రాత్రంతా ఆ ఎనిమిది మంది రాసినదాన్ని తనే తిరగరాయడం. ఆమె అలిసిపోతుంది. ఆ ఎనిమిది మందికీ నేర్చుకునే అవకాశం పోతుంది. నాలుగేళ్లయ్యాక పై పదవి ఖాళీ అయితే, యాజమాన్యం ఆమె వైపు చూసి, పనిమంతురాలే కానీ ఇంకా సిద్ధంగా లేదు అంటుంది. సిద్ధం చేయవలసిన బాధ్యత తమదేనన్న ఊహ ఆ మాట అనేవారికి రాదు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. పదవి ఇచ్చేటప్పుడు చూసేది ఒక నేర్పు, పదవిలో కావలసింది మరో నేర్పు. ఆ రెంటి మధ్య వంతెన కట్టే పని ఎవరిదీ కాకుండా పోతోంది.

ఈ విషయంలో గూగుల్ అనుభవం చెప్పుకోదగ్గది. ఆ కంపెనీ పుట్టిన కొత్తలో, 2002లో, ఇంజినీర్లకు మేనేజర్లు ఎందుకని దాని స్థాపకులకు అనిపించింది. ఆ పదవులే తీసేసి చూశారు. ఆ ప్రయోగం కొద్ది నెలలే నిలిచింది. ఖర్చుల బిల్లుల దగ్గర నుంచి ఇద్దరి మధ్య తగవుల దాకా అన్నీ నేరుగా స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ బల్ల మీదికి వచ్చి పడ్డాయి. ఆ తర్వాత 2008 ప్రాంతంలో వాళ్లు తమ కంపెనీనే పరిశీలనకు పెట్టారు. మంచి మేనేజరులో ఏముంటుందో తెలుసుకోవాలని పనితీరు నివేదికలు, ఉద్యోగుల అభిప్రాయాలు, ఇంటర్వ్యూలు అన్నీ జల్లెడ పట్టారు. దానికి ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని పేరు. చివరికి ఎనిమిది గుణాలు తేలాయి. మొదటిది, కింది వారికి మంచి శిక్షకుడిగా ఉండటం. సాంకేతిక పరిజ్ఞానం ఆ ఎనిమిదింటిలో ఉంది, కానీ ఎనిమిదో స్థానంలో ఉంది. ఇంజినీర్లతో నిండిన కంపెనీలో తేలిన ఫలితమిది. పని తెలియనక్కర్లేదని దీనర్థం కాదు. పని తెలియనివాడికి ఇంజినీర్ల సభలో చోటే దొరకదు. అయితే పని తెలియడం లోపలికి రానిస్తుంది, అంతవరకే.

మరి ఆ మిగతాది ఎలా అలవడుతుంది? నాలుగు రకాల తర్ఫీదు కావాలని నా నమ్మకం. నాలుగూ పదవి రాకముందే, చేస్తున్న ఉద్యోగంలోనే జరగాలి.

మొదటిది, పనిని పూర్తిగా అప్పగించడం నేర్చుకోవడం. అప్పగించడమంటే మన నెత్తిన ఉన్న చిల్లర పనులు కిందివాళ్లకు నెట్టడం కాదు. ఒక ముఖ్యమైన పని ఇచ్చి, ఫలితం ఎలా ఉండాలో స్పష్టంగా చెప్పి, దారి వాళ్లకే వదిలేయడం. మధ్యలో రెండుసార్లు ఎక్కడిదాకా వచ్చిందో అడగడం. మనం చేసే పద్ధతిలో చేయకపోయినా ఫలితం బాగుంటే ఒప్పుకోవడం. ఈ చివరిదే అన్నింటికంటే కష్టం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే పట్టుదల మంచి పనివాళ్లలో చాలా గట్టిగా ఉంటుంది. ఆ పట్టుదలే వాళ్లను మంచి పనివాళ్లను చేసింది కూడా. దాన్ని సడలించడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇద్దరు మనుషులున్న చిన్న జట్టుతోనే ఆ అభ్యాసం మొదలుపెట్టాలి. రెండు వందల మంది చేతికొచ్చాక మొదలుపెడితే దెబ్బ తగిలేది ఆ రెండు వందల మందికి.

రెండో తర్ఫీదు, పక్క విభాగం పని తెలుసుకోవడం. దీనికి ఖరగ్‌పూర్ యార్డే మంచి ఉదాహరణ. 2017 నవంబరులో ఇక్కడి పాత రూట్ రిలే ఇంటర్‌లాకింగ్‌ను తీసేసి కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌ను పెట్టారు. ఏ లైను మీద నుంచి ఏ లైను మీదికి బండి వెళ్లాలో, దానికి ఏ పాయింట్లు ఎటు తిరగాలో, ఏ సిగ్నల్ పడాలో, ఆ దారిలోకి మరో బండి రాకుండా ఎలా బిగించాలో చూసే ఏర్పాటు ఇది. కొత్త ఏర్పాటులో 800 రూట్లున్నాయి. కంప్యూటరు పరంగా అది సిగ్నల్ ఇంజినీర్ల పని. కానీ పాతది విప్పి కొత్తది కలిపే రోజుల్లో యార్డులో ఆ రక్షణ ఉండదు. బండ్లను జాగ్రత్తగా, నెమ్మదిగా, మనుషుల కాపలాతో నడపాలి. కాబట్టి కొన్ని రైళ్లు రద్దుచేయాలి, కొన్ని మళ్లించాలి. ఆ సంగతి ఆపరేటింగ్ విభాగం తేల్చాలి. పట్టాల పని సివిల్ ఇంజినీర్లది, తీగల పని కరెంటు విభాగానిది. టిక్కెట్టు డబ్బు వాపసు కమర్షియల్ వాళ్లది. ప్రయాణికుల కోపాన్ని కౌంటరు దగ్గర నిలబడి భరించేవాళ్లు మరొకరు. ఇందరిలో ఏ ఒక్కరికీ తెలియకుండా పోయినా పని ఆగుతుంది, లేదా ప్రమాదం జరుగుతుంది. ఇంత పని ముందుండి నడిపించే మనిషికి సిగ్నలింగ్ ఒక్కటే తెలిస్తే సరిపోదు. ప్రతి విభాగానికీ ఏది భయమో, ఏది భారమో తెలిసుండాలి.

కొత్తగా చేరిన ఆఫీసర్లను ప్రొబేషన్ కాలంలో ఇతర విభాగాలకూ పంపి పని చూపించే ఆనవాయితీ రైల్వేలో ఎప్పటి నుంచో ఉంది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇది చాలా తక్కువ. పదిహేనేళ్లు ఒకే రకం సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవారికి, ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనేదెవరో, ఎందుకు కొంటున్నారో, ఆ ధర ఎలా నిర్ణయమైందో, కంపెనీకి అందులో మిగిలేదెంతో తెలియకపోవడం నేను చాలాచోట్ల గమనించాను. వాళ్లు తెలివిలేక తెలుసుకోలేదనుకోకండి. ఆ లెక్కలు చూపించినవాళ్లు లేరు. పై పదవిలో కూర్చున్నాక రోజూ ఎదురయ్యేవి ఆ లెక్కలే.

మన హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల దారి చూడండి. మణిపాల్‌లో ఇంజినీరింగ్ చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. తర్వాత కంపెనీ ఆయన్ని ఒకేచోట ఉంచలేదు. వ్యాపార సంస్థలకు అమ్మే సాఫ్ట్‌వేర్ విభాగంలో పనిచేయించింది. ఆ పైన బింగ్ సెర్చ్ ఇంజిన్ ఇచ్చింది. అది గూగుల్‌తో ఎదురీదే పని, గెలుపు దగ్గరలో లేని పని. 2011లో సర్వర్ల విభాగం అప్పజెప్పింది. అక్కడివాళ్లు అప్పటికే బాగా సంపాదిస్తున్నారు. అలాంటివాళ్లకు రేపటి క్లౌడ్ వ్యాపారం ముఖ్యమని నచ్చజెప్పడం ఆయన వంతైంది. 2014 ఫిబ్రవరి 4న సీఈఓ అయ్యేనాటికి వెనకబడిన విభాగాన్నీ చూశారు, ముందున్న విభాగాన్నీ చూశారు. ఇరవై రెండేళ్ల తర్ఫీదు అది. బయటి ప్రపంచానికి ఒక్కరోజు వార్తగా కనిపించింది.

సుందర్ పిచాయ్ విషయమూ అంతే. 2004లో గూగుల్‌లో చేరినప్పుడు ఆయన చూసుకున్నది టూల్‌బార్ అనే చిన్న పరికరం. పెద్ద ఆర్భాటమున్న పని కాదు. కానీ జనం వాడే బ్రౌజరు మరో కంపెనీ చేతిలో ఉన్నప్పుడు, గూగుల్‌కు జనాన్ని చేర్చే దారి ఆ చిన్న పరికరమే. దాన్ని కాపాడుకోవాలంటే కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలతో ఒప్పందాలు కుదరాలి. లోహశాస్త్రం చదివిన మనిషి అక్కడ వ్యాపారం నేర్చుకున్నారు. మన బ్రౌజరు మనకే ఉండాలన్న ఆలోచన 2008లో క్రోమ్ అయింది. చిన్న పని అని చిన్నచూపు చూసి ఉంటే ఆ తర్వాతి కథే లేదు.

ఇక మూడోది, మనుషులతో మాట్లాడే తర్ఫీదు. ముఖ్యంగా మనలాంటివాళ్లు కాని మనుషులతో. ఇక్కడ ఖరగ్‌పూర్ చరిత్రలోంచి ఒక తెలుగు పేరు తలచుకోవాలి. బరంపురంలో పుట్టి, ఐర్లండ్‌లో న్యాయశాస్త్రం చదివి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. 1920ల చివర బీఎన్నార్ రైల్వేలో ఉద్యోగాల కోత వచ్చినప్పుడు కార్మికుల పక్షాన ముందు నిలిచి, హింసకు తావివ్వకుండా సమ్మె నడిపిన నాయకుడాయన. ఆయన సుత్తి పట్టిన మనిషి కాదు, కోర్టు చదువు చదివిన మనిషి. ఆ వర్క్‌షాపులోనేమో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, తమిళం, ఒక్కో షెడ్డులో ఒక్కో భాష. తన చదువుకూ వాళ్ల బతుకుకూ అంత దూరమున్నా కార్మికులు ఆయన్ని నమ్మారు. ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదన్న వాళ్ల బాధను యాజమాన్యానికి అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగే మనిషి వాళ్లకు కావలసి వచ్చింది. పెద్ద పదవిలో ఉన్న ఇంజినీరు చేయవలసిందీ అదే. కింద పనిచేసేవారి కష్టాన్ని పైవాళ్లకు తెలిసేలా, పైవాళ్ల నిర్ణయానికి కారణాన్ని కిందివారికి తెలిసేలా, రెండు వైపులా నిజాయితీగా చెప్పగలగాలి.

ఈ తర్ఫీదులో ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు ఒక బలం పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. ఎదుటి మనిషి ఏ భాషలో తేలికగా మాట్లాడగలడో చూసి ఆ భాషలోకి మారిపోవడం ఈ పిల్లలకు చిన్నప్పుడే అలవాటవుతుంది. ఆ అలవాటును వాళ్లు ఒక అర్హతగా ఎక్కడా రాసుకోరు. నా మాట విని రాసుకోండి. పది దేశాల మనుషులు కలిసి పనిచేసే కంపెనీలో, ఎదుటివారికి తగినట్టు మాట మార్చుకోగలగడం గొప్ప శక్తి. అయితే పుట్టుకతో వచ్చిన బలమైనా సాధన లేకపోతే తుప్పు పడుతుంది. మీటింగులో మీ మాట మీరు చెప్పడంతో ఆగకండి. నోరు విప్పని మనిషిని గుర్తించి, అతని అభిప్రాయం అడగండి. కాదన్నవారి కారణాన్ని మీ నోటితో మీరే మళ్లీ చెప్పి, సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడగండి. రాతలోనూ అంతే. పది పేజీల సాంకేతిక నివేదికను, డబ్బు మంజూరు చేసే మనిషికి అర్థమయ్యేలా ఒక్క పేజీలో రాయడం వారానికొకసారైనా అభ్యాసం చేయండి.

నాలుగోది అన్నింటికంటే బరువైనది. పూర్తి సమాచారం లేకుండా నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయం బెడిసికొడితే నింద తన మీద వేసుకోవడం. ఇంజినీరు చదువు లెక్కకు ఒకే జవాబుంటుందని నేర్పుతుంది. పై పదవిలో జవాబులు అలా ఉండవు. ఉస్మానియాలో చదివిన హైదరాబాదువారు శంతను నారాయణ్ 2007 డిసెంబరులో అడోబీకి సీఈఓ అయ్యారు. కొన్నేళ్లకే డబ్బాలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్‌ను ఆపేసి, నెలనెలా చందా కట్టే పద్ధతికి కంపెనీని మళ్లించారు. వాడేవాళ్లలో చాలామంది కోప్పడ్డారు. 2013లో కంపెనీ ఆదాయం అంతకుముందు ఏడాది కంటే తగ్గింది కూడా. ఆ ఏడాది ఆయన చేతిలో గెలుపుకు రుజువేదీ లేదు. దారి సరైనదన్న లెక్క ఉంది, ఆ లెక్కకు జవాబు చెప్పే ధైర్యం ఉంది. ఆ తర్వాత కంపెనీ ఎన్నో రెట్లు పెరిగింది.

ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు గారు ఈ ఖరగ్‌పూర్ ఐఐటీలోనే భౌతికశాస్త్రం చదివి 1969లో పట్టా తీసుకున్నారు. 2008 సెప్టెంబరు 5న రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. పది రోజులకే, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది, ప్రపంచ ఆర్థిక వ్యవస్థ ఊగిపోయింది. ఆయనది కంపెనీ పదవి కాకపోయినా ఈ ఉదాహరణ మనకు అవసరం. కుర్చీలో కూర్చున్న పది రోజులకు వచ్చిపడిన ఉపద్రవానికి ఆ పది రోజుల్లో తయారుకావడం సాధ్యమయ్యే పనేనా? సివిల్ సర్వీసులో, జిల్లాల్లో, ఆర్థిక శాఖలో గడిపిన ముప్ఫై ఆరేళ్లే ఆ రోజు ఆయనకు తోడు.

నింద మోసే గుణం ఎలా నేర్పాలో శ్రీహరికోట చూపించింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు తొలి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికలవాళ్ల ముందుకు ఆయన్ని పంపలేదు సతీశ్ ధావన్ గారు. ఇస్రో అధిపతిగా తానే వెళ్లి బాధ్యత వహించారు, మా వాళ్లు మళ్లీ చేసి చూపిస్తారని చెప్పారు. 1980 జులై 18న ప్రయోగం గెలిచింది. ఆ రోజు పత్రికల ముందుకు కలాంను పొమ్మన్నారు. కలాం గారు జీవితమంతా ఈ సంగతి చెప్పుకున్నారు. ఏ శిక్షణ శిబిరంలోనూ ఇంతకు మించిన పాఠం ఉండదు. పైవాడు ఓటమిని తన మీద వేసుకున్నప్పుడే కిందివాడికి రెండోసారి నిర్ణయం తీసుకునే ధైర్యం మిగులుతుంది. తప్పు జరిగిన ప్రతిసారీ ఎవరు చేశారని వెతికే కంపెనీలో నాయకులు తయారుకారు. మాట పడకుండా తప్పించుకోవడం తెలిసినవాళ్లు తయారవుతారు.

ఇప్పుడు మూడో ప్రశ్న, ఈ పనికి ఎవరు పూనుకోవాలన్నది. శిక్షణ సంస్థలు మనకు లేకపోలేదు. హైదరాబాదులో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణలోనే, ఆ ఐఐటీ పూర్వ విద్యార్థి వినోద్ గుప్తా ఇచ్చిన విరాళంతో 1993లో మేనేజ్‌మెంట్ స్కూలు వెలిసింది. తరగతిలో నేర్చుకోవలసింది నేర్చుకోవలసిందే. డబ్బు లెక్కలు, చట్టాలు, సంప్రదింపుల పద్ధతులు అక్కడ బాగా వస్తాయి. కానీ నేను చెప్పిన నాలుగూ తరగతిలో సగమే వస్తాయి. మిగతా సగం ఉద్యోగంలో రావాలి. కాబట్టి మొదటి బాధ్యత కంపెనీలదే. ముప్ఫై ఏళ్ల వయసులోనే ఒక చిన్న విభాగాన్ని లాభనష్టాలతో సహా అప్పగించాలి. మూడు నాలుగేళ్లకొకసారి పని మార్చాలి. అనుభవజ్ఞుడైన పెద్దను ఒకరిని అండగా పెట్టాలి. ప్రతి పై అధికారినీ, నీ తర్వాత నీ పని చూసేవారిని ఎవరిని తయారుచేస్తున్నావని ఏటా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని అధికారి ఎంత పనిమంతుడైనా సగం పనే చేస్తున్నట్టు లెక్క.

ఆడపిల్లల విషయంలో ఈ బాధ్యత రెట్టింపు. ఇంజినీరింగ్ కాలేజీల్లో, కంపెనీల కింది అంచెల్లో మన అమ్మాయిలు దండిగా ఉన్నారు. పైకి వెళ్లేకొద్దీ పలచబడిపోతున్నారు. సరిగ్గా పెద్ద బాధ్యతలు ఇవ్వవలసిన వయసులోనే పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం వస్తాయి. ఆమెకు వీలుపడదులే అని ఆమెను అడక్కుండానే ఎవరో నిర్ణయిస్తారు. విజయవాడలో పుట్టి, ఢిల్లీ ఐఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరారు. 2003లో ఆ కంపెనీకే చీఫ్ టెక్నాలజీ ఆఫీసరయ్యారు, ఆ తర్వాత సిస్కోలో అదే పదవి నిర్వహించారు. దాదాపు ఇరవై ఏళ్ల పాటు ఒక కంపెనీ ఒక మనిషికి వరసగా అవకాశాలిస్తే అలాంటి ఫలితం వస్తుంది. అవకాశం ఇవ్వాలో వద్దో ఊహించకండి. ఆమెనే అడగండి. ఈ రోజు వీలుకాదంటే రెండేళ్లకు మళ్లీ అడగండి.

మరో మాట కూడా చెప్పాలి. మంచి ఇంజినీర్లందరూ అధికారులు కానక్కర్లేదు. కొందరికి పనిలోనే ఆనందం. వాళ్లను బలవంతాన మేనేజర్లను చేస్తే ఒక మంచి పనివాణ్ణి పోగొట్టుకుని, ఒక నలిగిపోయిన మేనేజరును తెచ్చుకున్నట్టవుతుంది. ఐబీఎం కంపెనీ 1960ల మొదటి నుంచే తన మేటి సాంకేతిక నిపుణులకు ఫెలో అనే హోదా ఇస్తోంది. మనుషుల మీద అధికారం లేకపోయినా పై అధికారులతో సమానమైన గౌరవం దానికి ఉంది. మన కంపెనీల్లోనూ ఆ రెండో నిచ్చెన గట్టిగా ఉండాలి. అప్పుడే నాయకత్వం వైపు వచ్చేవాళ్లు ఇష్టపడి వస్తారు.

ఇక తల్లిదండ్రులకు, ఊరి పెద్దలకు నా మనవి. పిల్లలకు ర్యాంకు కోసం ఒంటరిగా చదవడం ఒక్కటే నేర్పుతున్నాం. ఖరగ్‌పూర్‌లో పండగ పందిరి వేయాలంటే చందాలు వసూలు చేయాలి, అనుమతులు తేవాలి, అలిగినవాళ్లను బతిమాలాలి, చివరికి పైసా పైసాకూ లెక్క చెప్పాలి. ఆ పనుల్లో పిల్లల్ని దూరం పెట్టకండి, పరీక్షలున్నాయని ఆపకండి. ఒక ఏడాది లెక్కల పుస్తకం కాలేజీ అమ్మాయి చేతికివ్వండి. ఒక ఏడాది పోలీస్ స్టేషనుకు, మునిసిపాలిటీకి కాలేజీ కుర్రాణ్ణి పంపండి. నలుగురిని కూడగట్టడం, డబ్బుకు జవాబు చెప్పడం, కాదన్నవాణ్ణి ఒప్పించడం ఇరవై ఏళ్లకే తెలిసిన పిల్లలు నలభై ఏళ్లకు ఏ కంపెనీలోనైనా నిలబడతారు.

ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చివరగా ఒక మాట. పదవి వచ్చాక నేర్చుకుందామని ఆగకండి. వచ్చే సోమవారం ఆఫీసుకు వెళ్లగానే, మీకు బాగా ఇష్టమైన పని, మీ కంటే బాగా ఎవరూ చేయలేరనుకునే పని ఒకటి ఎంచుకోండి. దాన్ని మీకంటే చిన్నవారికి పూర్తిగా అప్పగించండి. అడిగితే చెప్పండి, అడగకపోతే ఆగండి. బాగా చేస్తే వాళ్ల పేరు పైవాళ్లకు చెప్పండి. తేడా వస్తే మీ పేరు చెప్పండి. ఇలా ఒక ఏడాది చేసి చూడండి. మీరు ఎదగడమే కాదు, మీ వెనక మరొకరు తయారవుతారు. ఒకరిని తయారుచేసిన మనిషికి పెద్దరికం ఎవరూ ఇవ్వనక్కర్లేదు, అప్పటికే వచ్చి ఉంటుంది.